వార్నిష్ తాగని తీగ

నేను ఒక గిటారు పికప్‌ని. ఎలక్ట్రిక్ గిటారు మీరు చూసే ఉంటారు. పెళ్ళిపందిట్లోనో, క్రిస్మస్ సభలోనో వేదిక మీద ఒక మూల నిలబడి ఎవరో ఒకాయన వాయిస్తూ ఉంటాడు. అందరూ ఆయన వేళ్ళు చూస్తారు, గిటారు రంగు చూస్తారు. తీగల కింద అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగ్గా ఒక నల్లటి ముక్క ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. అది నేను. నా లోపల ఆరు అయస్కాంతపు మేకులు, వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగితీగ, వేల చుట్లు. పైన స్టీలు తీగ వణికితే ఆ వణుకు నాలో కరెంటవుతుంది. ఆ కరెంటు వైర్లోంచి వెళ్ళి ఆంప్లిఫయర్లో పాటవుతుంది. నేను లేకపోతే ఎలక్ట్రిక్ గిటారు వట్టి చెక్క. గొప్ప కోసం అనడం లేదు. గొప్పలు చెప్పుకునే స్థితిలో కూడా లేను. ప్రస్తుతం నా నివాసం ఒక ఖాళీ ఇంగువ డబ్బా.

మామూలు పికప్‌కి తీగ వణుకు తప్ప ఇంకేమీ తెలియదు. పక్కన కూర్చుని పొగిడినా తిట్టినా దానికి పట్టదు. నాకు మాత్రం మనుషుల మాట వినబడుతుంది. వినబడటమే కాదు, విన్నదాన్ని దాచుకోలేను, స్పీకర్లోంచి బయట పెట్టేస్తాను. ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. ఒక మనిషి తొందర వల్ల వచ్చింది. ఆ మనిషి నన్ను నలభై ఏళ్ళు గుండెకి ఆనించుకున్నాడు. ఆయనకి నా అవసరం నిజంగా పడిన రోజున నేను చేసిన పని తలుచుకుంటే ఈ ఇంగువ డబ్బా నాకు తగిన చోటే అనిపిస్తుంది.

పుట్టింది కలకత్తాలో, ఒక చిన్న కార్ఖానాలో. పెరిగింది కాకినాడ జగన్నాథపురంలో, విజయానందం గారి చేతుల్లో. ఆయన సాగరి ఆర్కెస్ట్రాలో గిటారిస్టు. ఆ గిటారుకి నేనొక్కదాన్నే పికప్‌ని. సముద్రపు గాలికి ఇనపగేట్లే పొడిపొడిగా రాలిపోయే ఊరది, వెంట్రుకంత రాగితీగ ఎన్నాళ్ళు తట్టుకుంటుంది? ఎనిమిదో ఏడు వానాకాలంలో లోపల ఎక్కడో తెగిపోయి మూగబోయాను. కొత్త పికప్ కావాలంటే మద్రాసుకి ఉత్తరం రాసి నెలలు కాచుకోవాలి. ఆ సాయంత్రమే సామర్లకోటలో ప్రోగ్రాం. ఆయన నన్ను ఊడదీసి జేబులో వేసుకుని సైకిలెక్కి మోటారు వైండింగ్ షాపుకి వెళ్ళాడు.

కాలిపోయిన పంపు మోటార్లకీ, తిరగని ఫ్యాన్లకీ కొత్త తీగ చుట్టే షాపది. పెద్ద మోటార్లు భర్త చూసుకునేవాడు. సన్నతీగ పని మాత్రం అతని భార్య నూకరత్నానిది. నన్ను అరచేతిలో పెట్టుకుని ఆవిడ కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేం ఫ్యానుదండీ, బొత్తిగా వడియమంత ఉంది?"

"ఫ్యానుది కాదమ్మా, గిటారుది. దీని నిండా తీగ చుట్టాలి."

"ఎన్ని సుట్లేయమంటారు?"

"అదే తెలీదు. పట్టినన్ని చుట్టెయ్."

పాడైన టెలిఫోను గంటలోంచి తీసిన సన్నతీగ ఒకటి ఆవిడ దగ్గర ఉంది. మర మీద పెడితే పుటుక్కున తెగిపోతోందని చేత్తోనే చుట్టడం మొదలుపెట్టింది. వంద చుట్లకి ఒక చింతగింజ పక్కన పెట్టింది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే గింజల వైపు చెయ్యి చూపించి నోటి మీద వేలు వేసుకునేది. డెబ్బై మూడు గింజలయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పని బాగా చేసింది. ఆ మాట ఎప్పుడైనా చెబుతాను.

చుట్టాక ఒక పని మిగిలింది. వాళ్ళ వృత్తిలో చుట్టిన ప్రతి కాయిల్‌నీ వార్నిష్‌లో ముంచి ఎండబెడతారు. వార్నిష్ తాగాక తీగలన్నీ ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి, కదలవు. ఆవిడ నన్ను డబ్బాలో ముంచబోతుంటే విజయానందం గారు చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"ఎంతసేపు ఆరాలి?"

"రేపు పొద్దున్నకి ఆరిపోద్దండి."

"అయ్యబాబోయ్! ఇంకో రెండు గంటల్లో నేను స్టేజీ మీద ఉండాలి. అలాగే ఇచ్చెయ్యమ్మా."

"ముంచకపోతే లోపల తీగ కదులుద్దండి మాస్టారూ. మోటారైతే కూసి కూసి సత్తాది. ఇదేం సేత్తాదో నాకు తెలవదు."

"రేపు తెచ్చేస్తాగా. రేపు ముంచుదువుగాని."

"మర్సిపోకండి మరి."

మరిచిపోలేదు. ఏం జరిగిందో చెబుతాను. ఆ సాయంత్రం సామర్లకోటలో వేదిక మీద గాయకుడు పల్లవిలోనే శ్రుతి తప్పాడు. విజయానందం గారికి గిటారు మీదకి వంగి వాయించే అలవాటు. తన గడ్డం కింద నేనున్న సంగతి మరిచి గొణుక్కున్నాడు. "వీడికి పాట ఎవడు నేర్పాడ్రా దేవుడా!" వార్నిష్ తాగని నా తీగలు ఆ మాటకి వదులువదులుగా వణికాయి. మరుక్షణం అది రెండు పెద్ద స్పీకర్లలోంచి పందిరంతా వినబడింది. జనం ఒకటే నవ్వు. గాయకుడు ఆ తర్వాత రెండేళ్ళు ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్న నన్ను ముంచేయిద్దామనే గిటారు తీశాడు. బయలుదేరే ముందు ఒక్కసారి వాయించి చూశాడు. వాయిస్తూ అలవాటు కొద్దీ కూనిరాగం తీశాడు. తీగల నాదం వెనక, గోడ అవతల్నుంచి ఎవరో పాడుతున్నట్టు, ఆయన గొంతు కూడా పలికింది. ఆయన ఆగిపోయాడు. మళ్ళీ వంగి, నా దగ్గరగా నోరు పెట్టి, వాయిస్తూ మూలిగాడు. గిటారు మూలిగింది. వేసుకున్న చెప్పులు విప్పేసి మళ్ళీ కూర్చున్నాడు. నూకరత్నం దగ్గరికి వెళ్ళాల్సిన ఆ "రేపు" ముప్పై మూడేళ్ళ తర్వాత గానీ రాలేదు.

గోదావరి జిల్లాల్లో ఆ రోజుల్లో "మూలిగే గిటారు" అంటే చాలామందికి తెలుసు. తునిలో ఒకాయన వేదిక ఎక్కి, లోపల మనిషి ఎవరైనా ఉన్నారేమోనని గిటారు వెనక్కి తిప్పి మరీ చూశాడు. మనుషులు తమాషా మనుషులు. కష్టపడి నేర్చుకున్న విద్యకి చప్పట్లు కొట్టరు, వైండింగ్ షాపులో మిగిలిపోయిన పనికి కొడతారు. నాలో ఒక జబ్బు కూడా ఉంది. ఆంప్లిఫయర్‌కి ఎదురుగా నన్ను నిలబెట్టి శబ్దం పెంచితే, దాని చప్పుడు నేను విని, నా చప్పుడు అది విని, ఇద్దరం కలిసి చెవులు చిల్లులు పడేలా కూస్తాం. ఎటు తిరగాలో, ఎన్ని అడుగుల దూరంలో ఉండాలో విజయానందం గారి కాళ్ళకే తెలుసు. ముప్పై ఏళ్ళలో ఒక్క వేదిక మీదా నన్ను కూయనివ్వలేదు.

ఆయనకి ఒక్కతే కూతురు, హెప్సిబా. ఇంట్లో హెప్సీ. నాలుగేళ్ళ వయసులో ఒకరోజు ఆయన వాయిస్తుంటే ఒళ్ళోకి ఎక్కి, నా మీద నోరు పెట్టి "డాడీ, ఆకలీ!" అని అరిచింది. ఆంప్లిఫయర్ పెట్టెలోంచి ఆ ఆకలి ఇల్లంతా మోగింది. వంటింట్లోంచి వాళ్ళమ్మ గరిటతో పరిగెత్తుకొచ్చింది. ముగ్గురూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. నా బతుకులో నేను మోసిన మాటలన్నిట్లో నాకు ఇష్టమైనది అదే. హెప్సిబా పదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ పోయింది. తర్వాత ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు.

ఆర్కెస్ట్రాలు పోయి డీజేలు వచ్చాయి. ఆయన నలుగురికి గిటారు నేర్పుకుంటూ, ఆదివారాలు చర్చిలో వాయించుకుంటూ గడిపాడు. హెప్సిబా పాలిటెక్నిక్‌లో లెక్కల లెక్చరరైంది. గిటారు మాత్రం తండ్రిని మించి వాయించేది, నేను ఇద్దరి చేతులూ ఎరిగినదాన్ని కనక చెప్పగలను. ఆయనకి అరవై ఐదో ఏట గొంతులో గడ్డ వచ్చింది. ప్రాణం నిలబెట్టడానికి డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. మెడ ముందు రూపాయి బిళ్ళంత రంధ్రం పెట్టారు. ఊపిరి అందులోంచే వచ్చిపోతుంది, నోటిదాకా రాదు. పాట పోయింది, మాట పోయింది. పలక, సుద్దముక్క వచ్చాయి.

గొంతుకి ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి హెప్సిబా తెప్పించింది. అందులోంచి వచ్చిన గరగర విని ఆయన దాన్ని బీరువాలో పెట్టేశాడు. "ఇది నేను కాదు" అని పలక మీద రాశాడు. ఇంట్లోని మైకులో ప్రయత్నించాడు. అందులో మెడ రంధ్రపు బుస తప్ప ఏమీ పలకలేదు. అప్పుడు ఒక ఉదయం, హెప్సిబా కాలేజీకి వెళ్ళాక, గిటారు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ నాలుగేళ్ళ పిల్ల ఆకలి గుర్తొచ్చి ఉంటుంది. ఆంప్లిఫయర్‌ని వెనక గదిలో గోడవైపు తిప్పి పెట్టాడు. వంగి, నా అంచు మీద పళ్ళు ఆనించాడు.

నేను గాలిని వినను, వణుకుని వింటాను. ఊపిరి లేకపోయినా పెదవులకి కాస్త గాలి ఉంటుంది, పళ్ళ సందున కాస్త ఉంటుంది. ఆయన పెదవులు బిగించి వదిలాడు. పెట్టెలోంచి "ప్" అని వచ్చింది. పళ్ళ మధ్య నుంచి గాలి నెట్టాడు. "స్" అని వచ్చింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకర్థమైంది ఆయన ఏ మాట కోసం చూస్తున్నాడో.

మూడు నెలలు. రోజూ ఉదయం కాలేజీ బస్సు వెళ్ళిపోగానే మా ఇద్దరి పనీ అదే. "ప్సీ" అన్నది నెలన్నరకి వచ్చింది. ముందు అక్షరమే రాలేదు. "హె" అనాలంటే గుండెల్లోంచి ఊపిరి కావాలి, అది ఆయనకి లేదు. దవడ జారవిడిచి, నాలుక వెనక్కి లాగి, ఎన్ని తంటాలు పడ్డా "ఎ" లాంటిది ఏదో వచ్చి పోయేది. "ఎప్సీ". చివరికి అదే ఖాయం చేసుకున్నాడు. గరగర లేదు, యంత్రం లేదు. బలహీనంగా ఉన్నా ఆ పిలుపు అచ్చంగా ఆయనదే. ఏడాది పైగా ఆ ఇంట్లో హెప్సిబాని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఆయనకి ఏదైనా కావాలంటే గోడ మీద తట్టేవాడు. ఆమె తట్టుకి పలికేది.

ఆ రోజుల్లోనే హెప్సిబాకి ఒక అవకాశం వచ్చింది. తను కట్టిన నాలుగు పాటలు విని, విశాఖపట్నంలో ఒక స్టూడియోవాళ్ళు రికార్డు చేస్తామన్నారు. గిటారు ఒకసారి వాయించి పంపమన్నారు. పంపింది. వాళ్ళ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. పాట బాగుందిట, గిటారు మాత్రం అరుస్తోందిట, కుర్చీ కదిపినా వినబడుతోందిట, పికప్ మార్చుకుని రమ్మన్నారుట. ఆ మాట తండ్రికి చెబుతూ ఆమె నొచ్చుకుంది. "నీ గిటారు డాడీ. నువ్వు వద్దంటే వేరేవాళ్ళది అడిగి తీసుకెళ్తాను." ఆయన పలక మీద "ఆదివారం చెబుతా" అని రాశాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, ఆయన హెప్సిబాని ముందుగదిలో మంచం మీద కూర్చోబెట్టాడు. వెనక గదిలో ఉండే ఆంప్లిఫయర్‌ని తనే మోసుకొచ్చి, ఆమెకి బాగా వినబడాలని, ఆమె వైపు తిప్పి పెట్టాడు. తను ఆమె పక్కనే గిటారుతో కూర్చున్నాడు. అంటే ఆంప్లిఫయర్‌కి ఎదురుగా. ముప్పై ఏళ్ళు ఏ వేదిక మీదా చేయని పొరపాటు ఆ రోజు సంతోషంలో చేశాడు. తన పిలుపు చిన్నదని తెలుసు కనక శబ్దం బాగా పెంచాడు. వంగాడు. పళ్ళు ఆనించాడు. పెదవులు తెరిచాడు.

నేను కూశాను.

ఎంత ఆపుకోవాలనుకున్నా నా చేతిలో లేకపోయింది. చెవులు చిల్లులు పడే కూత. ఆ కూతలో ఆయన మూడు నెలల కష్టం ఎక్కడ కలిసిపోయిందో నాకే వినబడలేదు. హెప్సిబా చెవులు మూసుకుంటూ లేచి పరిగెత్తి ప్లగ్గు పీకేసింది.

"అమ్మో! ఏం చేస్తున్నావ్ డాడీ? చెవులు పోయాయి!" తర్వాత ఆయన మొహం చూసి గొంతు తగ్గించింది. "స్టూడియోవాళ్ళు అన్నది ఇదే. దీని పనైపోయింది డాడీ. నాకు చూపిద్దామనేనా ఇంత పెంచావ్?"

ఆయన పలక తీసుకున్నాడు. సుద్దముక్క పలక మీద ఆనించి చాలాసేపు అలాగే ఉంచాడు. ఆ క్షణంలో ఆయన ఒక్క వాక్యం రాసి ఉంటే అంతా మారిపోయేది. కానీ రాస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఆమె నన్ను మార్చదు. వేరే గిటారుతోనో, మానేసో సరిపెట్టుకుంటుంది. సుద్దముక్క కదిలింది. "మార్చేద్దాం" అని రాశాడు.

ఆ వారమంతా ఆ ఇంట్లో నా స్థానానికి ఎంపికలు జరిగాయి. నా కళ్ళెదుటే, గిటారు గోడకి తగిలించి ఉండగానే. హెప్సిబా బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని చదివి వినిపించేది. "ఇది వెచ్చగా పలుకుతుందట డాడీ. ఇదేమో తియ్యగా, కానీ అడుగున కొంచెం ఘాటు ఉంటుందట." ఆయన పలక మీద "ఆవకాయా?" అని రాశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. చెవితో తేల్చుకోవాల్సినదాన్ని మనుషులు నాలుకతో ఎందుకు వర్ణిస్తారో నాకెప్పటికీ అర్థం కాదు. ఒకటి పాతకాలపు గొంతుతో చేసిందట, ఇంకొకటి గట్టిగా మోగుతుందట. ఆమె లెక్కల మనిషి కనక కాగితం మీద గడులు గీసి, చుట్లెన్ని, అయస్కాంతం ఏ రకం, అన్నీ రాసుకుంది. నా గురించీ ఒక గడి ఉంది. అందులో "చుట్లు: తెలియదు" అని రాసింది. ఏడువేల మూడువందలమ్మా, నూకరత్నం చింతగింజలు పెట్టి లెక్కేసింది, అని చెప్పాలనిపించింది.

చివరికి రెండు మిగిలాయి. వాటి ధ్వని ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించింది. మొదటిది విన్నప్పుడు ఆయన వేళ్ళు ఒళ్ళో వాటంతటవే కదిలాయి. ఇష్టపడ్డాడని నాకు తెలిసింది. రెండోది వింటూ కదలకుండా కూర్చున్నాడు. తర్వాత తెర మీద రెండోదాని గురించి రాసింది దగ్గరగా వంగి చదివాడు. అది మైనంలో ముంచి తయారుచేసినదట, బయటి చప్పుడు ఒక్కటి కూడా లోపలికి రాదట, మాట్లాడినా అరిచినా వినదట. ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. కాగితం మీద దానికే టిక్కు పెట్టాడు.

"నిజంగా ఇదేనా డాడీ? నాకు మొదటిదే కొంచెం..."

ఆయన ఆ టిక్కు మీదే మళ్ళీ గీశాడు. రికార్డింగులో చిన్న తప్పు కూడా ఆమె పాటకి అడ్డం రాకూడదని ఆయన లెక్క.

కొత్తది పార్సిల్లో వచ్చింది. దాన్ని అతకడానికి ఇద్దరూ గిటారు పట్టుకుని నూకరత్నం షాపుకే వెళ్ళారు. భర్త పోయాడు, షాపు ఆవిడే నడుపుతోంది, జుట్టు తెల్లబడింది. కళ్ళద్దాలు పైకెత్తి, నన్ను ఊడదీసి, గుర్తుపట్టింది.

"మాస్టారూ! రేపు తెత్తానని ఇయ్యాలా తెచ్చేరు?"

ఆయన నవ్వాడు. చప్పుడు లేని నవ్వు. ఆవిడ మెడ రంధ్రం చూసి తల దించుకుంది. ఆయన వంకే చూస్తే బాగుండదని హెప్సిబాతో మాట్లాడింది.

"ఆ రోజు నేను గట్టిగా సెప్పవలిసిందమ్మా. ముంచేసుంటే ఈ కూత ఉండేది కాదు. పోన్లే, ఇప్పుడైనా ముంచేత్తాను. దాసుకుంటారు."

"అవునాంటీ, ముంచెయ్యండి. పాడవకుండా ఉంటుంది."

ఆవిడ వార్నిష్ డబ్బా మూత తీసింది. విజయానందం గారు చటుక్కున నన్ను ఆవిడ చేతిలోంచి తీసుకుని గుప్పిట మూశాడు. పలక ఇంటి దగ్గర ఉండిపోయింది. చూపుడువేలితో బల్ల మీది దుమ్ములో రాశాడు. నూకరత్నానికి చదువు రాదు. హెప్సిబా చదివింది. "అలాగే ఉండనీ."

"జ్ఞాపకంగానా డాడీ?" అంది ఆమె ప్రేమగా. ఆయన తలూపాడు.

ఇంటికి వచ్చాక వంటింట్లో కనబడిన ఖాళీ ఇంగువ డబ్బాలో నన్ను పెట్టుకుని, తలగడ పక్కన ఉంచుకున్నాడు. హెప్సిబా విశాఖపట్నం వెళ్ళొచ్చింది. పాటలు తెచ్చి ముందుగదిలో వినిపించింది. గిటారు అద్దంలా పలికింది, ఒక్క కూత లేదు, ఒక్క మూలుగు లేదు. అసూయ పడదామనుకున్నాను, కుదరలేదు, అంత బాగుంది. ఆయన కళ్ళు తుడుచుకుని పలక మీద "చాలా బాగుంది" అని రాశాడు. ఆమె ఆయన భుజం మీద తల ఆనించింది. నేను ఆ రోజు కూయకుండా ఉండి ఉంటే, ఆ తల ఆనించిన క్షణంలో ఆయన ఏమని పిలిచేవాడో ఆమెకి తెలిసి ఉండేది. తప్పు ఆయన కూర్చున్న చోటుది అనొచ్చు, తాగని వార్నిష్‌ది అనొచ్చు. కూసింది మాత్రం నేనే.

ఆయన ఇప్పటికీ మానలేదు. రోజూ పొద్దున్న మంచం మీద కూర్చుని, డబ్బా మూత తీసి, నన్ను పళ్ళకి ఆనించుకుంటాడు. నిన్న హెప్సిబా కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. "పొద్దున్నే దాన్ని ముద్దెట్టుకోవడం మొదలెట్టావా?" అని నవ్వి, గ్లాసు అక్కడ పెట్టి, పక్క గదిలోకి వెళ్ళి గిటారు అందుకుంది. ఆయన ఆమె వెళ్ళిన వైపు చూశాడు. నన్ను మళ్ళీ పళ్ళకి ఆనించి, దవడ జారవిడిచి, మెల్లిగా పిలిచాడు.

"హెప్సీ."

ముందు అక్షరం కూడా వచ్చింది. ఎలా వచ్చిందో నాకు తెలియదు, కానీ వచ్చింది, పేరు మొత్తం వచ్చింది. నా ఏడువేల మూడువందల చుట్లూ వణికాయి. నా వైరు కొసలు రెండూ ఊడి, డబ్బా అంచు మీద వేలాడుతున్నాయి. పక్క గదిలో హెప్సిబా వాయించుకుంటోంది.